పేర్లు వ్రాసిన చేయి

ఏటా కొత్త తరగతి మొదలైన వారం లోపల ఎవరో ఒక విద్యార్థి లేచి నిలబడి నన్నొక ప్రశ్న అడగడం పరిపాటి అయింది. "మేడమ్, మీరు ముస్లిములు గదా! ఉర్దూ కాకుండా తెలుగు చెబుతున్నారేమిటి?" అని. అడిగేవారు కొన్నిసార్లు ఉర్దూ విభాగం వారు, కొన్నిసార్లు తెలుగు విభాగం వారు. ఉభయుల ఆశ్చర్యమూ ఒక్కటే. నేను నవ్వి, "ఆ మాట మా అమ్మమ్మను అడగాలి" అని చెప్పి పాఠంలోకి వెళ్లిపోయేదాన్ని. 2023లో అమ్మమ్మ కన్నుమూసింది. ఇక ఆమెను అడిగే వీలు లేదు. వార్షిక సంచికకు ఒక వ్యాసం కావాలని కమిటీ పెద్దలు కోరినప్పుడు, ఇన్నేళ్లూ నవ్వుతో దాటవేసిన ఆ ప్రశ్నకు సమాధానం వ్రాయడం నా విధి అనిపించింది.

మా అమ్మమ్మ చరిత్ర పుటలకెక్కిన మనిషి కాదు. సన్మానాలు పొందలేదు. సభలలో ఉపన్యసించలేదు. 1960లో ఇరవై ఒక్క ఏళ్ల వయసున గ్రామసేవికగా చేరి, 1997 జనవరిలో పదవీ విరమణ చేసిన చిన్న ఉద్యోగిని. ఆ ముప్పై ఏడు సంవత్సరాలలో ఆమె ఏమి చేసిందని ఎవరైనా అడిగితే, ఆడవాళ్ల పేర్లు వ్రాసింది అని చెబుతాను. వినడానికి అది చాలా స్వల్పమైన పనిగా తోచవచ్చు. నాకూ చాలాకాలం అట్లాగే తోచింది. అందులోని బరువు ఆమె పోయిన తరువాతనే తెలిసింది.

మాది నూర్‌బాషా కుటుంబం. దూదేకులవారంటే గుంటూరు, ప్రకాశం ప్రాంతాలలో తెలియనివారుండరు. నల్లరేగడిలో పత్తి పండిన చోట దానిని ఏకే మనిషి కూడ కావాలి గదా! తరతరాలుగా ఆ వృత్తి మావారిది. ఇంట్లో మాట్లాడుకునేది తెలుగు, నమాజు చదివేది అరబ్బీ. మా పెద్దలకు ఇందులో వైరుధ్యమేదీ కనిపించలేదు. పర్చూరుకు సమీపంలోని మా ఊళ్లో అమ్మమ్మ తండ్రి దూదేకే విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగేవాడట. విల్లు నారిని కొయ్యతో కొట్టగా లేచే మ్రోత వినబడగానే ఆడవాళ్లు పాత పరుపులూ దిండ్లూ తెచ్చి అరుగు మీద వేసేవారట. సాయంత్రానికి ఆయన కనుబొమలకూ మీసాలకూ దూది పింజలు అంటుకుని ఉండేవి. "మా నాయన రోజూ పొద్దుగూకేసరికి ముసలివాడయ్యేవాడు, మొహం కడుక్కుంటే మళ్లీ పడుచువాడయ్యేవాడు" అని అమ్మమ్మ చెబుతుంటే చిన్నతనంలో మేము పడీపడీ నవ్వేవాళ్లం.

ఆ ఇంటి పిల్లకు చదువు రావడానికి కారణం ఊరి బడి పంతులమ్మగారు. ఆవిడ చిన్ననాడే భర్తను పోగొట్టుకుని, గుంటూరు శారదా నికేతనంలో చదువుకున్న మనిషి. ఉన్నవ లక్ష్మీనారాయణ, లక్ష్మీబాయమ్మ దంపతులు 1922లో గుంటూరులో స్థాపించిన ఆ సంస్థ బాలవితంతువులకూ, ఆదరువు లేని ఆడపిల్లలకూ నీడనిచ్చి విద్య గరపింది. ఉన్నవవారిని మన విద్యార్థులు 'మాలపల్లి' నవలాకారునిగా ఎరుగుదురు. ఆ నవల వ్రాసిన చేతులే ఇల్లాలితో కలసి ఆడపిల్లల బడిని కూడ నిలబెట్టాయన్న సంగతి అంతగా ఎరుగరు. అమ్మమ్మ ఐదవ తరగతి ముగించగానే ఆ పంతులమ్మగారు మా ఇంటికి వచ్చి, గుమ్మం ముందు నిలబడే, "అన్నా, పిల్లను ఇంట్లో కూర్చోబెట్టకు. నన్ను కూర్చోబెట్టి ఉంటే ఈ రోజు నేను నీ ముందు నిలబడి ఉండేదాన్ని కాదు" అన్నారట. తెల్లచీర కట్టిన ఆ మనిషి మాటను మా ముత్తాత కాదనలేకపోయాడు. అమ్మమ్మ ఎనిమిదవ తరగతి వరకు చదివింది. పెళ్లయిన పిమ్మట గ్రామసేవిక శిక్షణ పొందింది. తాతయ్యకు పరుపులు కుట్టే కొట్టు ఉండేది. ఆయన మంచివాడు, అభ్యంతరం చెప్పలేదు.

అవి దేశంలో సంక్షేమం అనే మాట క్రొత్తగా పల్లెలకు నడచివస్తున్న రోజులు. 1952 అక్టోబరు 2న సమాజాభివృద్ధి పథకం ఆరంభమైంది. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి ఏర్పడి, దుర్గాబాయి దేశ్‌ముఖ్ దానికి తొలి అధ్యక్షురాలయ్యారు. రాజమండ్రిలో పుట్టి, బాల్యంలోనే జరిగిన పెళ్లిని తెలివి వచ్చాక కాదనుకుని, జైలుకు వెళ్లి, న్యాయశాస్త్రం చదివి, రాజ్యాంగ సభలో కూర్చున్న ఆ తెలుగు వనిత అంటే అమ్మమ్మకు ఎంతో గౌరవం. 1981లో ఆమె మరణించిన నాటి పత్రికలోని ఛాయాచిత్రాన్ని కత్తిరించి పెట్టె మూత లోపల అంటించుకుంది. 1959లో మన రాష్ట్రంలో పంచాయతీ సమితులు వచ్చాయి. మరుసటి సంవత్సరమే అమ్మమ్మ సమితిలో గ్రామసేవికగా చేరింది.

గ్రామసేవిక అంటే నేటి విద్యార్థులకు తెలియకపోవచ్చు. బాలవాడీ నడపాలి. మహిళా మండలి పెట్టించాలి. పొగ రాని పొయ్యి వేయించాలి. వాడిన నీటికి ఇంకుడు గుంట త్రవ్వించాలి. బాలింతలను చూసిరావాలి. కుట్టుపని నేర్పాలి. మశూచి టీకాలవారు వస్తే వారి వెంట ఇల్లిల్లూ తిరిగి, అటకలెక్కి దాక్కున్న పిల్లలను దింపాలి. మన దేశంలో మశూచి చివరి కేసు 1975లో నమోదైంది. ఆ మహమ్మారి పోవడంలో అటువంటి పేరులేని ఆడవాళ్ల కాళ్ల సత్తువ ఎంత ఉందో ఏ నివేదికా చెప్పదు. బస్సు లేని ఊళ్లకు ఆమె నడిచే వెళ్లేది. వానాకాలంలో రేగడి మన్ను చెప్పులను పట్టి లాగేసేది. అందుకని చెప్పులు సంచిలో పెట్టుకుని నడిచి, ఊరి మొదట కాళ్లు కడుక్కుని తొడుక్కునేది. "చెప్పులు లేకుండా ఊళ్లోకి పోతే మన మాట వినరు" అనేది.

మహిళా మండలి పెట్టాలంటే ముందు సభ్యుల పట్టిక కావాలి. అక్కడ ఎదురైంది ఆమెకు మొదటి చిక్కు.

"నీ పేరేమిటి వదినా?"

"సుబ్బయ్య పెళ్లాన్ని గదమ్మా, ఎరగవా?"

"అది మీ ఆయన పేరు. నీ పేరు చెప్పు."

"చిన్నోడి తల్లి అంటారమ్మా. అదే రాసుకో."

ఒక ముసలామె తన పేరు జ్ఞాపకం చేసుకోవడానికి కాసేపు ఆకాశం వంక చూసిందట. పుట్టింటివారంతా పోయారు. ఆ పేరుతో పిలిచేవారెవరూ మిగలలేదు. ఆఖరుకు గుర్తువచ్చి చెప్పి, సిగ్గుపడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఆ పిమ్మట ఏడ్చిందట. ఆనాటి నుండి అమ్మమ్మ ఒక నియమం పెట్టుకుంది. భర్త పేరుతోనో కొడుకు పేరుతోనో ఏ స్త్రీనీ పట్టికలో చేర్చదు. పేరు వ్రాసి, ఆ వ్రాసినదాన్ని ఆమెకే చూపి, దిద్దించి, ఆ రోజుకు ఆ ఒక్క అక్షరాన్నైనా పలకమీద పెట్టించి గాని లేచేది కాదు.

పైవారికి పంపే నెలవారీ నివేదికలో ఈ పేర్లకు చోటు లేదు. ఎంతమంది సభ్యులు, ఎంతమంది పిల్లలు, ఎన్ని పొయ్యిలు అన్నదే అక్కరకు వచ్చేది. "అమ్మా, మాకు అంకెలు చాలు, పేర్లతో పనేముంది?" అని ఒక అధికారి విసుక్కున్నాడట. అమ్మమ్మ ఆయనకు అంకెలు పంపింది. పేర్ల కోసం తన సొంత డబ్బుతో నోటు పుస్తకాలు కొనుక్కుంది. ఈ పుస్తకాల సంగతి పాఠకులు గుర్తుంచుకోవాలని మనవి.

ఆమెకు అన్ని వాకిళ్లూ తెరుచుకున్నాయని చెబితే అది అబద్ధమవుతుంది. కొన్ని ఇళ్లలో ఆమెకు మంచినీళ్లు వేరే గ్లాసులో ఇచ్చేవారు, తాగాక కడిగి బోర్లించమనేవారు. ఆమె కడిగి బోర్లించి, పుస్తకం తెరిచి, ఆ ఇల్లాలి పేరు అడిగేది. దళితవాడకు వెళ్లివచ్చిందని ఒకచోట పెద్ద వీధివారు వాకిట్లోనే నిలబెట్టారు. ఇక మనవారిలో కొందరు, బురఖా లేకుండా ఊళ్లు పట్టుకు తిరుగుతున్నదని తాతయ్యను నిలదీశారు. ఆ పక్కా ఈ పక్కా మాటలు పడిన మనిషి నోట ఒక్క వర్గాన్ని గూర్చి నిందావాక్యం నేను వినలేదు. "నేను ఊరికీ చెందను, వాడకూ చెందను. అందుకే రెండుచోట్లకీ పోగలిగాను" అని మాత్రం అనేది.

సమితి పరిధిలోని ఒక పెద్ద గ్రామంలో ఉర్దూ మాట్లాడే ముస్లిం కుటుంబాల వీధి ఒకటి ఉండేది. వారి దృష్టిలో అమ్మమ్మ ఉర్దూ రాని దూదేకులామె, అనగా సగం మనిషి. పరదా చాటున ఉన్న ఆ ఇల్లాళ్లు ఆమెతో రెండు మాటలు మాట్లాడి నవ్వి ఊరుకునేవారు. అప్పటికి నలభై ఏళ్ల దగ్గర పడిన అమ్మమ్మ, ఆ వీధిలోని ఒక వృద్ధ ఉస్తానీ వద్ద కూర్చుని ఉర్దూ అక్షరాలు నేర్చుకుంది. ఎందుకంటే ఆమె చెప్పిన కారణం ఇది: జమీలా, జైనబ్ అనే ఇద్దరి పేర్లు ఆమె తెలుగులో వ్రాస్తే రెండింటికీ ఒకటే 'జ' వచ్చింది. "మా పేర్లు అట్లా ఉండవు, ఆపా" అన్నారట వాళ్లు. ఉర్దూలో మొదటిదానికి జీమ్, రెండవదానికి జే. ఆ రెండు అక్షరాల భేదం తెలుసుకోకుండా ఆ ఇద్దరి పేర్లూ వ్రాసినట్లు కాదనుకుంది ఆమె. నాటి నుండి ఆ వీధి పట్టికలో ప్రతి పేరూ రెండు లిపులలో ఉంటుంది, ఎడమవైపు తెలుగు, కుడివైపు ఉర్దూ. మన కళాశాల సంచిక తెరిచినప్పుడల్లా నాకు ఆ పట్టికే జ్ఞాపకం వస్తుంది.

మిరప కోతల కాలంలో బాలవాడీ ఖాళీ అయ్యేది. తల్లులు కల్లాలకు పోతే పిల్లలూ వారితోనే పోయేవారు. ఎర్రగా పరచిన కాయల మధ్య తాలు కాయలు ఏరుతూ తల్లులు, పక్కన చీర ఉయ్యాలలో తుమ్ముతూ దగ్గుతూ పసివాళ్లు. మంటపుట్టిన చేత్తోనే తల్లి పిల్లకు పాలివ్వాలి, ఆ చేయి పిల్ల కంటికి తగిలితే ఆ ఏడుపు ఆగేది కాదు. పిల్లలు బాలవాడీకి రాలేదని అమ్మమ్మ తల్లులతో తగవు పెట్టుకోలేదు. బాలవాడీనే కల్లాల వద్దకు తీసుకుపోయింది. అయితే ఏ చెట్టు కింద పెట్టాలన్నది నీడను బట్టి కాదు, గాలిని బట్టి నిర్ణయించేది. కాస్త దూది పింజను వ్రేళ్ల మధ్య పట్టుకుని వదిలి, అది ఎటు ఎగిరిపోతుందో చూసి, ఘాటు రాని వైపున చాప పరిచేది. దూదేకులవారి పిల్లకు తోచే ఉపాయమది.

1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదిలారు. కుడి కాలువ పారిన మేర గుంటూరు, ప్రకాశం పొలాల తీరు మారింది. పత్తి వ్యాపార పంట అయింది. వెంట అప్పు వచ్చింది, పురుగుమందు వచ్చింది. ఖాళీ అయిన మందు డబ్బాలు గట్టివి, మూత ఉన్నవి. వాటిని కడిగి నీళ్లు పట్టుకునే ఇళ్లు చూసి అమ్మమ్మ హడలిపోయింది. చెప్పి చూసింది, వినలేదు. ఇక సంచిలో ఒక మేకు వేసుకుని తిరిగింది. ఏ గట్టు మీద ఖాళీ డబ్బా కనిపించినా రాయితో మేకు కొట్టి అడుగున చిల్లి పెట్టేది. "సేవికమ్మ డబ్బాలు పాడుచేస్తోంది" అని ఫిర్యాదు కూడ వెళ్లింది.

1987-88లో పత్తి మీద తెల్లదోమ పడింది. కొట్టిన మందుకు అది చావలేదు, మళ్లీ కొట్టారు, మళ్లీ అప్పు చేశారు. పంట పోయింది. ఆ సంవత్సరం ఈ రెండు జిల్లాలలో పత్తి రైతులు కొందరు పురుగు చావని ఆ మందునే తాగి ప్రాణాలు తీసుకున్నారు. అటువంటి ఒక ఇంటికి అమ్మమ్మ వెళ్లింది. ఆ ఇల్లాలు పదేళ్లకు ముందు మహిళా మండలిలో అమ్మమ్మ చేతనే అక్షరాలు దిద్దింది. అప్పటి నుండి ఇప్పటి దాకా ఆమెకు సంతకం పెట్టే అవసరమే రాలేదు. ఇప్పుడు భర్త మరణానికి సంబంధించిన కాగితాలు తెచ్చి ముందు పెట్టారు. ఆమె కలం పట్టుకుని, ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుంటూ తన పేరు వ్రాసి, అమ్మమ్మ వంక చూసి, "ఇందుకా అమ్మా నాకు నేర్పింది?" అన్నది.

ఈ ఉదంతం అమ్మమ్మ నాకు ఒక్కసారి మాత్రమే చెప్పింది. "నువ్వేమన్నావు?" అని అడిగాను. "ఏమంటాను? దానికి జవాబు నా దగ్గర ఉంటే గదా!" అన్నది. సేవ చేసినవారంతా తృప్తితో విశ్రమిస్తారని పుస్తకాలలో చదువుతాం. నేను చూసిన మనిషి అట్లా విశ్రమించలేదు.

ఇక మా అమ్మ సంగతికి వస్తాను. ఈ వ్యాసంలో నేను వ్రాయడానికి వెనుకాడినది ఈ భాగమే.

మా అమ్మ ఆ ఇంటి పెద్దబిడ్డ, 1961లో పుట్టింది. తెలివిగలది, లెక్కలు నోటితోనే చేస్తుంది. అయినా ఐదవ తరగతితో చదువు ఆగిపోయింది. ఎందుకు ఆగిందని చిన్నప్పుడు అడిగితే "నాకే ఇష్టం లేకపోయిందిలే" అనేది. పెళ్లి చేసి గుంటూరు పంపారు. మా నాన్న మిరప కొట్లో గుమస్తా. జీతం చాలక, అమ్మ సీజనులో కాయల బస్తాలు ఇంటికి తెప్పించుకుని తొడిమలు తీసి ఇచ్చేది, మావైపు దాన్నే ముచ్చికలు తీయడమంటారు. కిలోకు ఇంత అని కూలి. నాకు తొమ్మిదేళ్లు వచ్చేసరికి నేనూ ఆ కుప్ప ముందు కూర్చున్నాను. ముందు సాయంత్రాలు, తరువాత ఉదయాలు, ఆ తరువాత బడికి పోని రోజులు. చేతులు మండుతుంటే కొబ్బరినూనె రాసుకుని పడుకోవడం అలవాటయింది. ఎవరూ నన్ను బడి మానమనలేదు. అది ఎవరూ అనకుండానే జరిగిపోయే పని.

1997 ఫిబ్రవరిలో, పదవీ విరమణ చేసిన కొద్దిరోజులకు, అమ్మమ్మ ఒక రేకు పెట్టెతో మా ఇంటికి వచ్చింది. తాతయ్య అంతకు ముందే పోయాడు. ఊళ్లో ఇల్లు ఉంది. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడి, 1972లో ప్రకాశం జిల్లాగా పేరు మారి, 2022లో బాపట్ల జిల్లా వచ్చేసరికి, ఆ ఇల్లు కదలకుండానే మూడు జిల్లాలు చూసింది. దానికి తాళం వేసి గుంటూరు ఎందుకు వచ్చిందో అప్పుడు మాకు తెలియలేదు. వచ్చిన రాత్రి నాకు అన్నం కలిపి పెడుతూ నా వ్రేళ్లు చూసింది. ఏమీ అనలేదు. మరునాడు తెల్లవారి నేను నిద్రలేచేసరికి కుప్ప ముందు నా చోట ఆమె కూర్చుని ఉంది. "పోయి తల దువ్వుకో, బడికి వేళవుతోంది" అన్నది. అమ్మ కంగారుపడి, "నీకెందుకమ్మా ఈ వయసులో, చేతులు మండిపోతాయి" అంటే, "మండనీ" అన్నది.

నేను డిగ్రీలో చేరే వరకు ప్రతి సీజనులోనూ ఆమె ఆ చోటు వదలలేదు. రాత్రిళ్లు నా చేత తెలుగు వాచకం చదివించుకుని వినేది. తప్పు పలికితే ఆపేది. నాగార్జున విశ్వవిద్యాలయంలో తెలుగు ఎం.ఏ. చేస్తానన్నప్పుడు బంధువులు నవ్వారు. అమ్మమ్మ మాత్రం, "మన ఇంటి మాట మనం చదువుకుంటే తప్పేముంది?" అన్నది. ఇదంతా మనుమరాలి మీద ప్రేమ అనుకున్నాను. ప్రేమే, కాని అది మాత్రమే కాదు.

2023లో ఆమె పోయింది. ఎనభై నాలుగేళ్లు. జనాజా వెళ్లేటప్పుడు మా వీధిలో ఎవరికీ తెలియని ఆడవాళ్లు కొందరు పర్చూరు వైపు నుండి ఆటోలలో వచ్చి, దూరంగా గోడ వారన నిలబడ్డారు. నలభయ్యో రోజు ఫాతిహా అయిన పిమ్మట అమ్మా నేనూ ఆ రేకు పెట్టె తెరిచాం. రెండు చీరలు, తస్బీ, మూత లోపల వెలిసిపోయిన దుర్గాబాయమ్మ బొమ్మ, అడుగున ఆ నోటు పుస్తకాలు. మహిళా మండలి పేర్లు ఊరివారీగా ఉన్నాయి. వాటి కింద అట్ట ఊడిన పుస్తకం ఒకటి ఉంది. దాని మీద 'బడి మానిన పిల్లలు' అని వ్రాసి ఉంది.

చేత్తో గీసిన గడులు: సంవత్సరం, పేరు, తరగతి, కారణం, మళ్లీ చేరిన తేదీ. ఎక్కువమంది ఆడపిల్లలు. కారణాల గడిలో 'పత్తి తీతకు', 'తమ్ముణ్ణి ఎత్తుకోవడానికి', 'పెళ్లి', 'బట్టలు లేక' అని ఉన్నాయి. చాలా పేర్లకెదురుగా చివరి గడిలో తేదీ ఉంది, అనగా ఆమె మళ్లీ వెళ్లి, బతిమాలి, పిల్లను బడిలో కూర్చోబెట్టి వచ్చిందన్నమాట. పుటలు త్రిప్పుతుండగా 1972 వచ్చింది. అక్కడ మా అమ్మ పేరు ఉంది. తరగతి: ఐదు. కారణం గడిలో రెండే మాటలు, 'నా వల్ల'.

చివరి గడి ఖాళీగా ఉంది. అదే పుటలో మరి ఆరుగురు పిల్లల పేర్లకెదురుగా తేదీలు ఉన్నాయి.

అమ్మ ఆ పంక్తి మీద వ్రేలు పెట్టి చాలాసేపు ఊరుకుంది. తరువాత మెల్లగా చెప్పింది. ఆ ఏడు నాయనమ్మకు పక్షవాతం వచ్చి మంచాన పడిందట. తమ్ముళ్లిద్దరూ చిన్నవాళ్లు. అమ్మమ్మ తెల్లవారి ఊళ్లకు పోతే దీపాలవేళకు గాని వచ్చేది కాదు. "ఎవరో ఒకరు ఇంట్లో ఉండాలి గదా. అమ్మ మానమని అనలేదు. నేనే ఒకరోజు పోలేదు, రెండోరోజు పోలేదు. అమ్మకు తెలిసేసరికి ఏడాది అయిపోయింది" అన్నది. ఊరందరి పిల్లలనూ వెతికి బడికి పంపిన మనిషి తన ఇంట్లో ఖాళీ అయిన పలకను చూడలేదు. చూసిన తరువాత కప్పిపుచ్చలేదు. తన చేతితోనే, అందరి పేర్ల వరుసలో, అందరికీ వ్రాసినట్లే వ్రాసుకుంది.

"ఈ చివరి గడిలో ఏమైనా వ్రాయనా?" అన్నాను అమ్మతో. తల అడ్డంగా ఊపింది. "ఉండనీ. అది ఉన్నమాటే గదా."

పుస్తకంలో ఆఖరి పేరు నాది. 1997 ఫిబ్రవరి. తరగతి: నాలుగు. కారణం: 'మిరపకాయల తొడిమలు'. ఉద్యోగం ముగిసి, ఎవరికీ నివేదిక పంపనక్కరలేని రోజున వ్రాసిన పద్దు అది. మళ్లీ చేరిన తేదీ అనే గడిలో, ఆమె మా ఇంటికి వచ్చిన మరునాటి తేదీ ఉంది. ఆమె ఇంటికి తాళం వేసి ఎందుకు వచ్చిందో నాకు అప్పుడు తెలిసింది.

విద్యార్థినీ విద్యార్థులారా! నేను తెలుగు ఎందుకు చెబుతున్నానన్న మీ ప్రశ్నకు ఇదీ సమాధానం. ఆ పుస్తకం తెలుగులో ఉంది. మా అమ్మ చదువు పోయిందన్న మాటా, నా చదువు నిలిచిందన్న మాటా ఆ లిపిలోనే ఉన్నాయి. అందులోని ఒక వీధి పట్టికలో ఉర్దూ కూడ ఉంది గనుక, నేను ఆ అక్షరాలను పరాయివిగా చూడలేను. ఒక మనిషి పేరును ఆ మనిషి చెప్పిన విధంగా వ్రాయగలిగితే చాలు, అది మన భాషే.

మరొక మాట చెప్పి ముగిస్తాను. నేను తరగతిలో హాజరు తీసేటప్పుడు అంకెలు కాకుండా పేర్లు చదువుతానని, అందుకు పది నిమిషాలు పోతాయని మీలో కొందరు విసుక్కోవడం నేను ఎరుగుదును. రెండు రోజులు వరుసగా రానివారిని ఎందుకు రాలేదని అడుగుతానని కూడ మీకు కోపం. దయచేసి ఓర్చుకోండి. ఫిబ్రవరి నెలలో మన గుంటూరులో గాలి ఘాటెక్కిన రోజున ఒక బల్ల ఖాళీగా కనిపిస్తే, ఆ పేరు చదవకుండా తరువాతి పేరుకు పోవడం నా చేత కాదు.